లాన్ మోవర్ బ్లేడుకి కత్తిపీట పదును ఎందుకండీ?

స్ప్రింగ్ వస్తే చాలు, అమెరికాలో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "కోసిన రెండు రోజులకే గడ్డి కొసలు ఎండిపోతున్నాయి, ఏ ఎరువు వేయాలి?" ఎరువు సంగతి తర్వాత, ముందు బ్లేడు చూడండి. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. చిరిగిన కొసలే పాలిపోయి ఎండుతాయి. సుమారు 25 గంటల వాడకానికి ఒకసారి పదును పెడితే చాలు. వారానికో గంట కోసేవాళ్ళకి సీజనుకి ఒక్కసారి.

ఆ ఒక్క పనినీ వేళ్ళు పోగొట్టుకునే పద్ధతిలో చేస్తున్నారు, అదీ నా గోల.

హ్యాండిల్ దగ్గర నొక్కి పట్టుకునే బార్ వదిలితే 3 సెకన్లలో బ్లేడు ఆగాలని అమెరికాలో 1982 నుంచి రూలు. ఆ బార్‌ని జిప్ టైతో (ప్లాస్టిక్ పట్టీతో) కట్టేసే మహానుభావులకో దండం. "ఇంజన్ ఆపేశాం కదా" అని డెక్ (బ్లేడుని కప్పి ఉండే మూత) కింద చెయ్యి పెట్టేవాళ్ళకి రెండో దండం. మామూలు గ్యాస్ (అంటే పెట్రోలు) మోవర్‌లో బ్లేడు నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే, అంటే ఇంజన్ తిప్పే ఇరుసుకే, బిగించి ఉంటుంది. చేత్తో బ్లేడు తిప్పినా, స్టార్టర్ తాడు లాగినా ఇంజనుకి ఒకటే. స్పార్కుకి బ్యాటరీ కూడా అక్కర్లేదు, ఇంజనుతో తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రంలోని అయస్కాంతం చాలు. స్పార్కు రాకపోయినా సిలిండర్లో నొక్కుకున్న గాలి బ్లేడుని వెనక్కి తన్నగలదు. అందుకే మొట్టమొదట స్పార్క్ ప్లగ్ వైరు పీకి, మళ్ళీ తగలకుండా పక్కకి కట్టండి. బ్యాటరీ మోవరైతే బ్యాటరీ, కీ రెండూ బయటికి తీసేయండి.

పడుకోబెట్టేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి. తిరగేసి పెడితే ఆయిలు ఫిల్టర్లోకి దిగుతుంది. స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ, ఆపైన "ఇంజన్ పోయింది" అని గ్రూపులో ఇంకో మెసేజ్. ట్యాంకులో గ్యాస్ అడుగంటినప్పుడే ఈ పని పెట్టుకుంటే మేలు.

మందపాటి గ్లవుజులు వేసుకుని, బ్లేడుకీ డెక్‌కీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పండి. విప్పేముందు నేలవైపు ముఖం మీద మార్కర్‌తో గీత గీయండి. రెక్కలా లేచిన అంచు డెక్ వైపే ఉండాలి. తిరగేసి బిగిస్తే పదునున్నా గడ్డి తెగదు.

పదును దగ్గరే మనవాళ్ళ అత్యుత్సాహం. కత్తిపీటలా మెరవాల్సిన పని లేదు, వెన్న రాసే చాకంత చాలు. మరీ పల్చబడిన అంచు మొదటి గులకరాయికే గాట్లు పడుతుంది. బ్లేడుని వైస్‌లో బిగించి, ఫ్యాక్టరీ ఇచ్చిన వాలు మీదే, సాధారణంగా 30 డిగ్రీలు, ఆకురాయితో ఒకే దిక్కుకి రాయండి. అడుగు ముఖం జోలికి పోవద్దు. గ్రైండర్ వాడితే ఆగి ఆగి పట్టండి. ఉక్కు నీలం రంగుకి తిరిగిందా, టెంపర్ (ఉక్కు గట్టిదనం) పోయినట్టే.

బ్యాలెన్స్ చూసేవాళ్ళు అసలు కనపడరు. గోడకి మేకు కొట్టి నడిమి కన్నం తగిలించండి. ఏ కొస కిందికి వాలితే ఆ కొసని ఇంకాస్త రాయాలి. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే కొస వేగం గంటకి 300 కిలోమీటర్లు. ఆ వేగంలో కాస్త బరువు తేడా ఉన్నా మోవర్ వణికి బేరింగులు అరుగుతాయి.

వంగితే సుత్తి, పగిలితే వెల్డింగు పెట్టకండి. కొత్తది కొనండి, ఇద్దరి బిర్యానీ ఖర్చు. బోల్టుని మాన్యువల్లో ఉన్న అంకెకి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో చూపించే పానాతో) బిగించండి. ప్లగ్ వైరు అన్నిటికన్నా ఆఖర్న.

అన్నట్టు, రాయికి కొట్టుకున్నాక స్టార్ట్ కాకపోతే కార్బ్యురేటర్ని తిట్టకండి. ఫ్లైవీల్ కీ, అంటే ఆ చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, తెగిందేమో చూడండి.