చెబితే వినేదెవరు?

విశాఖలో ఈమధ్య ఏ స్టార్ హోటల్ హాల్లోకి తొంగిచూసినా వేదిక మీద ఒకటే మాట: ఇన్నోవేషన్. ఊరు ఊపులో ఉంది, కాదనలేం. టీసీఎస్‌కు 99 పైసలకే 21.16 ఎకరాలు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఇక్కడి ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. రావాల్సినవన్నీ రానివ్వండి. మా ప్రశ్న వేరు. ఈ ఊళ్లో ఇప్పటికే రోజూ షిఫ్టులకు వెళ్లొస్తున్నవాళ్ల బుర్రల్లో ఉన్న ఆలోచనల సంగతేమిటి?

ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. వెల్డింగ్ కేబుళ్లు, గ్యాస్ గొట్టాలు నేలంతా పాముల్లా పరుచుకుని ఉండేవి. వాటి మీద కాలు పడి తూలనివాళ్లు లేరు. నిప్పురవ్వ పడి గొట్టం కాలిన రోజులూ ఉన్నాయి. ఒక హెల్పర్ భోజనాల వేళ స్క్రాప్‌లోంచి ఊచ ముక్కలు ఏరి, కొక్కేల్లా వంచి, రేకుల కప్పు కింది యాంగిల్‌కు వరసగా తగిలించాడు. గొట్టాలన్నీ పైకెక్కాయి, నడవడానికి దారి దొరికింది. పైసా ఖర్చు లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కాంట్రాక్ట్ కుర్రాడు. పైవాళ్లకు చెప్పావా అని మా విలేకరి అడిగితే నవ్వేశాడు. "సెప్తే ఏటవుద్ది బాబూ, నీకెందుకు, నీ పని సూసుకో అంటారు." గేటు దగ్గర టైమ్ ఆఫీసు గోడకు సలహాల పెట్టె ఉంది. దానికి తాళమూ ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు.

పాత సామానుతో కొత్త చిక్కు తీర్చడం ఈ ఊరికి తెలియని విద్యేమీ కాదు. తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుక ఓడరేవు ముఖద్వారాన్ని పూడ్చేస్తుంటే, 1930ల్లో ఇంజినీర్లు రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి డాల్ఫిన్ నోస్ దగ్గర ముంచేశారు. అవే అలలకు అడ్డుగోడ అయ్యాయి. 1933లో మొదలైన రేవు చరిత్రలో ఆ ముచ్చటకు చోటుంది. ఊచ కొక్కెం ఏ రికార్డులోకీ ఎక్కలేదు.

కొండ మీది ఐటీ ఆఫీసుల్లో సంభాషణ ఇంగ్లిషులో నడుస్తుంది గానీ కథ మారదు. రోజూ రెండు గంటలు ఒకే ఎక్సెల్ షీటు నింపే పని ఒకమ్మాయిది. విసుగెత్తి చిన్న స్క్రిప్ట్ రాసుకుంది. ఇప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోతోంది. టీమ్ లీడ్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే శభాష్ అనడం అటుంచి, మిగిలిన టైములో ఇంకో పని అంటగడతారని భయం. పక్క సీట్లలో మిగతావాళ్లు అదే షీటును ఇంకా చేత్తోనే కొడుతున్నారు.

పత్రికాఫీసులు ఇందుకు మినహాయింపని చెప్పుకునే ధైర్యం మాకు లేదు. సాయంత్రం మీటింగులో కొత్త సబ్ ఎడిటర్ నోరు విప్పబోతే గోడ గడియారం వైపు చూసే సీనియర్లు మాలోనూ ఉన్నారు.

సలహా ఇచ్చినవాడికి బహుమతి అన్నది నిన్నమొన్నటి ఆలోచన కాదు. స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో విలియం డెన్నీ ఓడల కార్ఖానా 1880లోనే కార్మికులు కనిపెట్టిన మెరుగులకు ఇనాములు ఇవ్వడం మొదలుపెట్టింది. షిప్‌యార్డు ఉన్న ఊరివాళ్లం, గుర్తుంచుకోదగ్గ సంగతే. అమెరికాలో కొడాక్ కంపెనీ 1898లో సలహాల పద్ధతి పెట్టినప్పుడు మొదటి బహుమతి ఎందుకిచ్చారో తెలుసా? కిటికీ అద్దాలు కడిగించండి, వెలుతురు చాలడం లేదు అన్నందుకు. 2 డాలర్లు ఇచ్చారు. ఇంతమాత్రం దానికి ఇనామా అని మన మేనేజర్లు ముఖం చిట్లిస్తారేమో. అద్దం మీది మురికి ఎంతుందో ఆ కిటికీ పక్కన పనిచేసేవాడికే కదా తెలిసేది.

అమెరికాలో ఫోర్డ్ కర్మాగారంలో ఈ పద్ధతిని చూసొచ్చిన టయోటా వాళ్లు 1951లో తమ దగ్గర మొదలుపెట్టారు. అక్కడితో ఆగలేదు. పనిలో తేడా కనిపిస్తే లైను పక్కనున్న తాడు లాగే హక్కు మామూలు కార్మికుడికి ఇచ్చారు. తాడు లాగగానే టీమ్ లీడర్ పరుగున వచ్చి 'ఏమైంది' అని అడగాలి. మన దగ్గర ముందు వినపడేది 'ఎవడు లాగాడు' అనే.

కార్మికులే చిన్న బృందాలుగా కూర్చుని పనిలోని చిక్కులు తీర్చుకునే జపాన్ వాళ్ల క్వాలిటీ సర్కిళ్లు మన దేశంలో మొదట వేళ్లూనుకున్నది కూడా దూరంలో కాదు, 1980 ప్రాంతంలో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో. తర్వాత అవి దేశమంతా పాకాయి. చాలాచోట్ల ఇప్పుడవి ఏటా పోటీలకు పవర్‌పాయింట్ తయారుచేసే బృందాలుగా మిగిలాయన్నది వేరే సంగతి.

ఇక్కడ యాజమాన్యాల అభ్యంతరం ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. ఉక్కు, రిఫైనరీ, ఫార్మా ఉన్న ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు మార్చేస్తే కొంపలు మునుగుతాయి అంటారు. నిజమే. ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో 1974లో ఒక రియాక్టర్‌కు పగులు వస్తే దాన్ని తప్పించి తాత్కాలికంగా పైపు వేశారు. సరైన లెక్కలు కట్టలేదు. డిజైన్ అన్నది వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే. జూన్ 1న ఆ పైపు పగిలి, బయటికొచ్చిన రసాయనపు ఆవిరి అంటుకుని 28 మంది చనిపోయారు. అయితే ఆ ఘటన చెప్పేది నోళ్లు మూయించమని కాదు. ప్రతి మార్పునూ బల్ల మీదికి తెచ్చి, తెలిసినవాళ్లు నలుగురూ చూశాకే చేయమని. నీకెందుకు అన్నచోట ఆలోచన ఆగిపోదు, చాటుకు వెళ్తుంది. నైట్ షిఫ్టులో, సూపర్‌వైజర్ టీకి వెళ్లినప్పుడు, ఎవరికీ చెప్పకుండా అమలవుతుంది. పరవాడ ఫార్మా యూనిట్లలో మనకు రాకూడని కష్టం సరిగ్గా అదే.

అందుకే మేం అడిగేది పెద్ద పెద్ద ల్యాబులు, రిసార్టుల్లో వర్క్‌షాపులు కాదు. జవాబు. ఎవరైనా ఒక మాట చెబితే పదిహేను రోజుల్లో అతనికి సమాధానం అందాలి. కుదరదంటే ఎందుకు కుదరదో రెండు ముక్కల్లో, తెలుగులో, రాసి ఇవ్వాలి. కుదిరితే అతని పేరుతోనే అమలు చేయాలి. ఫోర్‌మన్ పేరు మీద పైకి పోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. ప్రయత్నించి చూశాక పని జరగకపోతే ఆ సంగతి అప్రైజల్‌లోకి ఎక్కకూడదు. బహుమతి చిన్నదైనా ఫర్వాలేదు, ఆ నెల జీతంతో అందితే చాలు. ఏడాది తర్వాత శాలువా కప్పి ఫొటో దిగేసరికి, చెప్పినవాడికే తన సలహా ఏమిటో గుర్తుండదు.

ఇంకొకటి, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. సలహాల పథకాలు చాలావరకు పర్మనెంట్ ఉద్యోగుల కోసం రాసుకున్నవి. పని జరిగే చోట నిలబడి చూస్తే సగానికి సగం కాంట్రాక్ట్ గేట్‌పాస్‌లే కనిపిస్తాయి. గ్యాస్ కట్టర్లు, రిగ్గర్లు, హెల్పర్లు. వాళ్ల యజమాని కాంట్రాక్టరు, వాళ్లు పనిచేసే ప్లాంటు ఇంకొకరిది. సలహా ఎవరికివ్వాలి? కాంట్రాక్టరుకు దాంతో పని లేదు. ప్లాంటువాళ్ల లెక్కలో వీళ్లు ఉద్యోగులే కారు. రోజూ ఉదయం పని మొదలయ్యే ముందు జరిగే టూల్‌బాక్స్ టాక్‌లో పది నిమిషాలు వీళ్లను వరసలో నిలబెట్టి హెల్మెట్ పెట్టుకో, బెల్టు కట్టుకో అని చెబుతున్నారు కదా. అందులో మూడు నిమిషాలు వాళ్లను మాట్లాడనిచ్చి, చెప్పింది రిజిస్టర్‌లో రాసుకుంటే కొత్తగా పెట్టాల్సిన ఖర్చు ఒక పెన్ను.

ఆటోనగర్ షెడ్డులో ఆ కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. డ్రాయింగ్‌లో లేవు కాబట్టి ఆడిట్ ఉన్న రోజున తీసి పక్కన పెట్టమంటారట. ఆరోజు గొట్టాలు మళ్లీ నేల మీదికి దిగుతాయి. మర్నాడు ఎ షిఫ్ట్ మొదలవగానే ఎవరూ చెప్పకుండానే ఆ కుర్రాడు నిచ్చెన వేసుకుని మళ్లీ తగిలిస్తాడు. సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు పోతాడు.