నీడకు రోగం పేరు పెడితే ఎలా?

చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రం పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి గోదావరి లంక గ్రామాలకు చేరడం సంతోషించదగిన విషయమే. అయితే ఊపిరితిత్తి పైభాగాన మచ్చ కనబడగానే, కళ్లె పరీక్షకు పంపకుండానే ‘టీబీ’ అని చీటీ రాసి చేతిలో పెట్టడం క్షమించరానిది. ఆ చీటీతో ఇల్లు చేరిన రొయ్యల షెడ్డు కూలీని మర్నాడు పనిలోకి రానివ్వరు. ఎప్పుడో మందులు వాడి నయమైన క్షయ మిగిల్చిన మచ్చ కూడా ఫిల్ములో అలాగే ఉంటుందని ఆమెకు చెప్పే నాథుడుండడు.

దగ్గు లేనివారిలోని క్షయను ఎక్స్‌రే పట్టిస్తుందన్న వాదన నిజమే. 2019–21 జాతీయ క్షయ సర్వేలో తేలిన రోగుల్లో 42.6 శాతం మంది అది లేకుంటే బయటపడేవారే కాదు. కానీ అనుమానితులను వడకట్టడం వేరు, రోగమని తేల్చడం వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం, ఏ చిన్న తేడానైనా లెక్కలోకి తీసుకుంటే ఎక్స్‌రే నూరుమంది రోగుల్లో 94 మందిని పట్టుకుంటుంది, రోగం లేని నూరుమందిలో 11 మందిని పొరపాటున అనుమానిస్తుంది. వినడానికి ఘనంగానే ఉంది. పై సర్వే ప్రకారం 15 ఏళ్లు నిండిన లక్షమందిలో ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు 316 మంది, అంటే వెయ్యికి ముగ్గురు. వెయ్యిమందికి ఎక్స్‌రే తీస్తే ఆ ముగ్గురూ దొరకవచ్చు. వారితోపాటు ఏ క్షయా లేని మరో 110 మంది దోషుల వరుసలో నిలబడతారు. అదే యంత్రాన్ని వారాల తరబడి దగ్గుతో ఆస్పత్రికి వచ్చి, ఐదుగురిలో ఒకరికి నిజంగా క్షయ ఉన్నవారి మధ్య వాడితే, అనుమానించిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి రోగం ఉంటుంది. యంత్రం అదే, దాని ముందు నిలబడ్డ జనమే వేరు.

ఈ దురలవాటు కొత్తది కాదు. 2021లో కొవిడ్ వేళ ‘ఇరవై అయిదుకు ఎంత’ అని ఊపిరితిత్తుల స్కాన్ స్కోర్లను పరీక్ష మార్కుల్లా అడిగి తెలుసుకున్నాం. స్వల్ప లక్షణాలకు సీటీ స్కాన్ వద్దని నాటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఆ మే నెలలో బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. అప్పుడు నీడనే రోగంగా చదివాం, ఇప్పుడూ అదే చదువుతున్నాం.

ఎక్స్‌రేలో తేడా ఉంటే కళ్లెలో క్షయ క్రిమిని పట్టే సీబీనాట్, ట్రూనాట్ వంటి పరీక్షలతో నిర్ధారించాలని జాతీయ క్షయ కార్యక్రమమే చెబుతోంది. ఆర్నెల్ల చికిత్సలోని మందుల్లో మూడు కాలేయాన్ని దెబ్బతీయగలవని తెలిసీ ఆ నియమాన్ని పక్కన పెట్టేవారిది అజ్ఞానం కాదు, బాధ్యతారాహిత్యం. అధికారులు తీసిన ఎక్స్‌రేల సంఖ్య చదవడం మాని, ఎన్ని కళ్లె డబ్బాలు ల్యాబుకు చేరాయో చెప్పాలి. డబ్బాలు లేకుండా రేవు దాటిన యంత్రాన్ని తిరుగు పంటులోనే వెనక్కి పంపాలి.