ఆ పిల్లల్ని ఎవరడిగారు?

అమెరికాలో ఆధునిక జీవితానికి దూరంగా బతికే అమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ల మీద మీరు రాసిన వ్యాసం చదివాను. వాళ్ల పిల్లలు ఎనిమిదో తరగతితో బడి మానేయడం మతస్వేచ్ఛ అంటూ వ్యాసమంతా తల్లిదండ్రుల వైపే మాట్లాడారు. మరి పిల్లల సంగతి? అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 16 ఏళ్లు వచ్చేదాకా బడికి పంపాలని చట్టం ఉంటే, పంపని ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో తండ్రులే గెలిచారు. పిల్లల మాట కూడా వినాలి కదా అని అసమ్మతి రాసింది జస్టిస్ డగ్లస్ ఒక్కరే. సాక్ష్యం చెప్పిన ఒక అమ్మాయి హైస్కూలు తన నమ్మకానికి విరుద్ధమంది, సరే, మిగతా ఇద్దరు తండ్రుల పిల్లల మాటో? వాళ్ల వ్యవసాయం, వడ్రంగం, కష్టపడే తీరు అంటే నాకు నిజంగా గౌరవమే. కానీ రేపు ఏ నర్సో అవుదామనుకునే పిల్లకి పద్నాలుగేళ్లకే దారి మూసేస్తే ఎలా? ఇంకో రెండేళ్లు చదివితే మతం పోతుందంటే నేను ఒప్పుకోను.