మా అత్త, మూడు పేర్ల కార్డు

మా మేనత్త ఛాతీలో నొప్పి అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఒంటరిగా పోయి, పది నిమిషాల్లో వెనక్కి వచ్చేసింది. గోడ మీద 'ఎన్టీఆర్ వైద్య సేవ' అన్న బోర్డును కూడబలుక్కుని చదివిందట. "నా దగ్గర ఉండేది రాజశేఖర్ రెడ్డి కార్డు, ఈడ చెల్లదులే" అనుకుందట. ఆటోకు పెట్టిన డబ్బు దండగైందని తిట్టుకుంటూ కర్నూలు పాతబస్తీలో ఇంటికి చేరి, గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుని పడుకుంది. ఈ సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. అదీ మా ఆవిడ పంపిన ఊరగాయ ఇవ్వడానికి పోతే.

ఏ పార్టీ అభిమానులైనా సరే, కొంచెం ఓపికగా చదవండి. పేదలకు ఆసుపత్రి వైద్యం ఊరికే చేయించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. అప్పుడు దాని పేరు రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2014లో ప్రభుత్వం మారాక ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019లో మారాక వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారిన ప్రతిసారీ బోర్డు మారుతుంది, కార్డు మీద ఫొటో మారుతుంది. మా అత్త దగ్గర ఉన్నది వాలంటీర్ ఇంటికొచ్చి ఇచ్చిపోయిన కార్డు. దాని మీద ఉన్న ఫొటో ఆసుపత్రి గోడ మీద లేదు. ఆమె తీసిన లెక్క తప్పని ఎట్లా అంటాం? రేషన్ షాపులో ఒక షాపు కార్డు ఇంకో షాపులో చెల్లని రోజులు చూసిన మనిషి ఆమె.

పేరు పెట్టుకునేవాళ్ల సంతోషం వాళ్లది. "పాత కార్డున్నవాళ్లు కూడా రావచ్చు" అని ఆ బోర్డు కిందే పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాయించడానికి మాత్రం ఎవరికీ పెయింటు దొరకదు.

సరే, ప్రభుత్వాన్ని తిట్టడం సులువు. మేం చేసిందేమిటి? నేను, బెంగళూరులో ఉండే ఆమె కొడుకు (మా బావ), ఇద్దరం ఏళ్ల తరబడి ఆమెకు ఫోన్‌లో చెప్పింది ఒకే మాట: "కార్డుంది కదా అత్తా, అంతా ఫ్రీ." ఆ మాట నమ్మి ఆమె బీపీ మాత్రలకు మెడికల్ షాపులో కార్డు తీసి చూపించింది. షాపతను నవ్వినాడట. ఆ నవ్వు ఆమె ఇంకా మర్చిపోలేదు. ఆసుపత్రిలో చేరితే అయ్యే వైద్యానికే కార్డు, నెలనెలా వాడే మాత్రలకు కాదు, బీపీ మాత్రలైతే సర్కారు ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. మేం చెప్పలేదు.

సంగతి తెలిసిన మర్నాడు పొద్దున్నే నేనే తీసుకుపోయాను. సర్కారు పెద్దాసుపత్రికి పోదామంటే ఆమె ఒప్పుకోలేదు. గద్వాల నుంచి, రాయచూరు నుంచి వచ్చే జనంతో అక్కడి ఓపీ క్యూలో నిలబడలేనని అంది. (అక్కడా ఈ కార్డు చెల్లుతుంది, చాలామందికి తెలీదు.) అందుకే అదే ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. ఈసారి కౌంటర్ అమ్మాయి "పరీక్షలకు ఎనిమిది వేలు కట్టండి, అప్రూవల్ వచ్చాక చూద్దాం" అంది. అత్త వెంటనే నడుముకు కట్టుకున్న సంచిలో చెయ్యి పెట్టింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. కార్డుతో వచ్చినవాళ్లకు సాయం చేయడానికి ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్ర ఎక్కడని అడిగితే, మెట్ల కింద ఒక బల్ల చూపించారు. బల్ల ఉంది, మనిషి లేడు. టీకి పోయినాడట. ఇరవై నిమిషాలు నిలబడ్డాక, "104కు ఫోన్ చేస్తున్నా" అని కాస్త గట్టిగానే అన్నాను (అది ఈ పథకం హెల్ప్‌లైన్). కౌంటర్లో గొంతు మారింది, వైద్యమిత్ర కూడా వచ్చినాడు. మంచి పిల్లోడే, పాపం. కార్డు నంబరు కొట్టి చూసి "అవ్వా, నీ పేరు ఉంది, ఏం భయం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే అత్త భుజాలు కిందికి దిగాయి.

యాంజియోగ్రామ్‌లో ఒక చోట అడ్డు కనిపించింది, స్టెంట్ వేశారు. మంచం మీద ఆమెను ఫొటో తీస్తే "ఇది కూడా పేపర్లో ఏస్తారా?" అని అడిగింది. అనుమతి కోసం పథకం నడిపే ట్రస్టుకు పంపే ఫైల్లోకి పోతుందని చెప్పాను. డిశ్చార్జి రోజు ఇంటికి పోవడానికి ఛార్జీ డబ్బులు చేతిలో పెడితే "ఇవెందుకు?" అని నా మొహం చూసింది. తిండి, తిరుగు ప్రయాణం ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. చేతికి రాకపోతే అడగండి.

ఆ ధైర్యంతో ఇంకో పని పెట్టుకున్నాను. 2024 అక్టోబర్ 29న కేంద్రం డెబ్భై నిండినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం. వార్డు సచివాలయానికి పోయాం. నలభై ఏళ్లు వేరుశనక్కాయలు ఒలిచిన వేళ్లవి, మెషీన్ మీద ఏ వేలూ పడలేదు. ఓటీపీ పంపితే అది మా బావ ఎప్పుడో పారేసిన నంబరుకు పోయింది. ఆఖరికి ఫోన్ కెమెరా ముందు మొహం పెట్టించి, "రెప్ప కొట్టవ్వా, ఇంకోసారి కొట్టు" అంటే పనైంది. తెర మీద వివరాలు వచ్చాయి. పుట్టిన తేదీ 01-01-1957.

"అవ్వకు ఇంకా డెబ్భై రాలేదు సార్."

అత్తకు కోపం వచ్చింది. "కర్నూలు రాజధాని అయిన ఏడు పుట్టినాను నేను. గుడారాల్లో ఆఫీసులు పెట్టినారని మా అమ్మ సెప్పేది." అంటే 1953. చరిత్ర పుస్తకాలు ఒప్పుకుంటాయి, ఆధార్ ఒప్పుకోదు. ఆధార్ తీసిన రోజు ఆపరేటర్ "ఎంతుంటాయి?" అంటే ఈమె "యాభై అయిదు ఏసుకో నాయనా" అంది. వాళ్లు వేసుకున్నారు. మార్చాలంటే కాగితం కావాలి. బడికి పోలేదు. ఉన్న నాలుగు కాగితాలూ 2009 అక్టోబర్ వరదలో ట్రంకు పెట్టెతో సహా పోయాయి. పుట్టిన ధ్రువపత్రం ఇప్పుడు తీయాలంటే ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. తిరుగుతున్నాను. అది ఇంకో పోస్టు.

అసలు విషయం ఆ రాత్రి బయటపడింది. సచివాలయం నుంచి వచ్చి జొన్నరొట్టె తింటున్నాం. నేను ఊరికే అడిగాను, ఆ మొదటి రోజు బోర్డు చూసి వచ్చేశావు సరే, అక్కడ ఎవరినైనా ఒక మాట అడగొచ్చు కదా అని. కాసేపు రొట్టె తుంచుతూ కూర్చుంది. తర్వాత అంది: "ఆ కార్డులో నేను వాడేస్తే పిల్లోళ్లకు ఏం మిగుల్తాది?"

బావ కూతురికి పుట్టుకతో గుండెలో చిన్న రంధ్రం. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరం పడొచ్చని డాక్టర్లు అన్నారు. ఒకే రేషన్ కార్డు, ఒకే కుటుంబం. డబ్బంతా ఒక డబ్బాలో ఉందని, తన గుండెకు తీసుకుంటే మనవరాలి గుండెకు తగ్గుతుందని ఆమె లెక్క. బోర్డు సాకు మాత్రమే. ఇన్నేళ్లలో మేం ఇద్దరం ఎన్నిసార్లు 'ఫ్రీ' అన్నామో, ఒక్కసారి కూడా "నువ్వేం అనుకుంటున్నావు అత్తా?" అని అడగలేదు.

కూర్చోబెట్టి చెప్పాను. పరిమితి కుటుంబానికే, అది నిజమే. కానీ 2023 డిసెంబర్‌లో దాన్ని 25 లక్షలకు పెంచారు, నీ స్టెంట్ అందులో ఒక మూలకు కూడా రాదు. పైగా అది ఒకసారి ఖర్చయితే పోయే డబ్బు కాదు, ఏటా మళ్లీ మొదటి నుంచి లెక్క. డెబ్భై కార్డు వస్తే ఆ 5 లక్షలు వేరే, ఇంట్లో డెబ్భై నిండనివాళ్లతో పంచుకునే పని లేదు. అందుకే ఈ తేదీ కోసం ఇంత తిరుగుడు. బకాయిలు రాలేదని 2025 అక్టోబర్‌లో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపిన సంగతి కూడా దాచలేదు. అట్లాంటప్పుడు క్యూ అయినా సరే పెద్దాసుపత్రికే పోవాలి, నేను వస్తానని చెప్పాను.

అంతా విని, రొట్టె ముక్క నమిలి, నోట్‌బుక్ తెమ్మంది.

"ఈ ఏడు నాకు ఎంతయ్యిందో రాసియ్యి. వచ్చే ఏటికి మళ్లీ నిండుతాదో లేదో నేనే సూస్తా."