చీటీ పుస్తకంలో రాయని లెక్క

విశాఖలో ఇంటి లెక్కల నోటు పుస్తకం ఏది తెరిచినా చీటీ పేజీ ఒకటి కనిపిస్తుంది. గాజువాక వైపైతే రెండు మూడు కూడా ఉంటాయి. ఎంత కట్టాం, ఎంత వచ్చింది అన్నది పైసాతో సహా రాస్తారు. ఆ డబ్బు ఎన్నాళ్లు మన చేతిలో లేదన్నది మాత్రం రాయరు. లాభనష్టాల లెక్క తప్పేది అక్కడే.

లక్ష రూపాయల చీటీ తీసుకోండి. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు ఐదు వేలు. నెలనెలా పాటలో ఎక్కువ వదులుకోవడానికి ఒప్పుకున్నవాళ్లకు ఆ నెల సొమ్ము దక్కుతుంది, వాళ్లు వదిలినదాంట్లో నిర్వాహకుల కమీషన్ పోను మిగిలింది డివిడెండ్‌గా అందరికీ పంచుతారు. చివరిదాకా పాడకుండా ఆగినవాళ్లకు ఈ డివిడెండ్ మొత్తం రూ.11,000 వచ్చిందనుకుందాం. అంటే కట్టింది రూ.89,000. ఆఖరి నెల పాట ఉండదు కాబట్టి 5 శాతం కమీషన్ పోను చేతికి రూ.95,000 వస్తుంది. ‘ఇరవై నెలలకు ఆరు వేలేనా, బ్యాంకులో వేసుకున్నా ఇంతకంటే వచ్చేది’ అని పెదవి విరుస్తారు. కానీ ఆ 89 వేలూ ఇరవై నెలలు చీటీలో లేవు కదా! మొదటి వాయిదా ఇరవై నెలలుంటే, చివరిది కొద్దిరోజులే ఉంది. సగటున పది నెలలు. పది నెలలకు 6.7 శాతమంటే ఏడాదికి సుమారు 8 శాతం. తీసిపారేసే రాబడేం కాదు.

ఇదే లెక్క అప్పు దగ్గర ఎదురు తిరుగుతుంది. 10 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్ల గడువుతో లక్ష తీసుకుంటే నెలకు రూ.3,611 కట్టాలి. అసలు నెలనెలా తరుగుతున్నా వడ్డీ మాత్రం లక్ష మీదే పడుతుంది. తరిగే బాకీ మీద చూస్తే నిజమైన రేటు దాదాపు 18 శాతం. ‘నూటికి రెండు రూపాయలు’ అనే పాత పద్ధతే నయం, ఏడాదికి 24 అని ముందే తెలిసిపోతుంది.

అలాగని మొదట్లోనే పాతిక వేలు వదులుకుని పాడేవాళ్లంతా లెక్క రానివాళ్లు కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌ను నమ్ముకున్న ఇళ్లకు రాబడి ఆగేదీ, బోటు రిపేర్లు, పిల్లల ఫీజులు మీద పడేదీ ఆ రోజుల్లోనే. వాళ్లకు మే నెలలో అందే 75 వేల విలువ, ఏడాది తర్వాత వచ్చే 95 వేలకు ఉండదు. చీటీలను వెటకారం చేసే చదువుకున్నవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

ఇక ఆ 8 శాతం సంగతి. నడిపేవాళ్లు ఆఖరి నెలదాకా నిలబడితేనే అది చేతికొస్తుంది. బ్యాంకు డిపాజిట్‌కైతే 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షల వరకు బీమా ఉంది. చీటీకి అది లేదు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైతే నిర్వాహకులు ముందే సెక్యూరిటీ పెట్టాలి, కమీషన్ 7 శాతం దాటకూడదు (2019 సవరణకు ముందు ఇది 5 శాతమే). అపార్ట్‌మెంట్‌లో ముఖపరిచయం మీద నడిచే చీటీకి ఆ ఆసరా కూడా ఉండదు. బ్యాంకు కంటే కాస్త ఎక్కువ వస్తుందని ఆ టెన్షన్ నెత్తికెత్తుకోవడం నాకైతే గిట్టుబాటుగా కనిపించదు. రిజిస్టరైన చీటీ అయితే ఆలోచించవచ్చు.