రెండు చుక్కలు

ఆరు వారాలు కళ్లు కాయలు కాచాక వచ్చింది పెట్టె. మామిడిపళ్ల బుట్టంత థర్మోకోల్ పెట్టె. దాన్నిండా చల్లటి జెల్ ప్యాకెట్లు, వాటి కింద ఒక కవరు, అందులో ఒక డబ్బా, అందులో చిటికెన వేలంత ట్యూబు. హైదరాబాద్‌లోని మా ల్యాబు ల్యాబంతా చుట్టూ మూగింది, పెళ్లింట్లో నగలపెట్టె విప్పుతున్నట్టు.

మనుషుల్లో ఉండే హెక్సోకైనేజ్-2 అనే ఎంజైముని వెతికి పట్టుకునే యాంటీబాడీ అది. ఈ ఎంజైముది అచ్చం పాతకాలపు అత్తగారి తీరు. గ్లూకోజ్ కణం గడప దాటిందో లేదో, నుదుట ఫాస్ఫేట్ బొట్టు పెట్టేస్తుంది. ఇక అది పుట్టింటికి పోయేది లేదు. చాలా రకాల క్యాన్సర్ కణాల్లో ఈవిడగారి పెత్తనం మరీ ఎక్కువ. ఆ పెత్తనం ఎంతో తేల్చడమే నా పీహెచ్‌డీ.

ధర అడక్కండి. నా ఫెలోషిప్ నెలకి 37,000. అద్దె కట్టకుండా, అన్నం తినకుండా ఉంటే కొనుక్కోవచ్చు. ఉండేది 100 మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలు. మా ఊరి గుళ్లో తీర్థమే నయం, దోసిలి తడుస్తుంది.

ట్యూబు వెలుతురుకెత్తి చూశాను. ఖాళీ! తిప్పి చూశాను, తట్టి చూశాను. ఖాళీయే. ఒళ్లు మండి, అమ్మినాయనకి ఫోన్ కొట్టాను.

"ఏవండీ, ఉత్త ట్యూబు పంపిస్తారా?"

"అట్లా ఉండదు సార్..."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా? వీడియోలోకి రండి!"

వచ్చాడు. అందరూ చూస్తుండగా మూత తీసి, ట్యూబు బోర్లించి పట్టుకున్నాను.

"చూశారా? ఒక్క చుక్కైనా పడిందా?"

పడింది. నా చొక్కా జేబు మీద.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "దారిలో కుదుపులకి మూత కిందా గోడలకీ అంటుకుపోద్ది సార్. తీసేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక తిప్పు తిప్పమని కాగితంలో రాసే ఉంటది." ఆ కాగితం అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

మా జూనియర్ ట్యూబు నా చేతిలోంచి లాక్కుని, మూత బిగించి, పది సెకన్లు తిప్పి తెచ్చింది. అడుగున బుద్ధిగా కూర్చుని ఉంది మిగిలింది. పిపెట్‌తో కొలిస్తే 55 మైక్రోలీటర్లు. ఒక్కో బ్లాట్‌కి, అంటే కణాల్లోని ప్రోటీన్లని ఒక పొర మీదికి ఎక్కించి, అందులో ఈ ఎంజైముని యాంటీబాడీతో వెతికే పరీక్షకి, పది చొప్పున వాడతాం.

"ఎంత పోయింది?" అన్నారు గైడు మేడం.

"నాలుగున్నర బ్లాట్లు మేడం."

మేడం ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

మర్నాడు బ్లాట్ మొదలుపెట్టాను. యాంటీబాడీ కనపడ్డ చోటల్లా అతుక్కోకుండా, ఆ పొరని ముందుగా పాలపొడి కలిపిన ద్రవంలో గంటసేపు నానబెడతాం. పాలపొడి డబ్బా అందిస్తూ జూనియర్ నా జేబు వైపు చూసింది.

"నిన్న చొక్కాని కూడా ఇందులో ఓ గంట నానబెట్టుంటే సరిపోయేది కదన్నా!"