ఆఖరి గడియలో అంబులెన్సేనా?

బిడ్డలు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోగా పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరూరా కనిపిస్తాయి. అలా మిగిలినవారిలో కొందరు వృద్ధాశ్రమాలకు చేరుతున్నారు. చేర్చుకునేటప్పుడు షుగర్ ఉందా, ఉప్పు తగ్గించాలా, నెల నెలా డబ్బు ఎవరు పంపుతారు అని అడిగే నిర్వాహకులు, అవసాన దశలో ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, ఎంతవరకు వైద్యం చేయించమంటారు అన్నది మాత్రం అడగరు. అడిగితే అశుభమని అందరికీ సంకోచం.

అందువల్లనే ఆయాసం ముదిరిన రాత్రి 108కు ఫోన్ వెళుతుంది. ఏళ్ల తరబడి పడుకున్న మంచాన్ని, పక్క మంచం మీది స్నేహితురాలిని, రోజూ తల దువ్విన ఆయాను వదిలి, ఆ మనిషి ముఖపరిచయం కూడా లేనివారి మధ్య, ముక్కులో గొట్టంతో కన్నుమూయవలసి వస్తోంది. ఆపైన కొడుకు విమానం దిగేవరకు ఫ్రీజర్ పెట్టె; నెల్లూరైతే అటునుంచి బోడిగాడితోట శ్మశానం. నిర్వాహకులను మాత్రమే తప్పుపట్టలేం. ఆశ్రమంలోనే ప్రాణం పోతే వైద్యం చేయించలేదని బంధువులు నిలదీస్తారన్న వారి భయం ఉత్తుత్తిది కాదు.

జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం రాష్ట్రాలకు చెప్పింది. వాటిలో వైద్యానికే కాక వినోదానికీ ప్రమాణాలు నిర్ణయించమంది. వినోదం తలపుకు వచ్చిన చట్టానికి మరణం రాలేదు! కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలతో ఊపిరి నిలపవద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలునని 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. అయితే అది తెలివి నిలకడగా ఉన్నప్పుడే రాయవలసిన పత్రం. మతిమరుపు ముదిరాక అడిగి ప్రయోజనం లేదు.

వైద్యం వద్దనుకోవడమంటే నొప్పితో వదిలేయడం కాదు. మార్ఫిన్ వంటి నొప్పి మందులకు అనుమతుల చిక్కు తగ్గిస్తూ 2014లోనే మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు, అంటే నయంకాని జబ్బుల్లో నొప్పిని, బాధను తగ్గించే వైద్యానికి, ప్రత్యేక విధానం ప్రకటించింది. మంచం పట్టినవారి ఇళ్లకు అక్కడ నర్సులే వెళుతున్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రులు తమ పరిధిలోని ఆశ్రమాలకు వారానికొకసారైనా శిక్షణ పొందిన నర్సును పంపాలని, నొప్పి మందులు అందుబాటులో ఉంచాలని, ఆశ్రమంలోనే ప్రాణం పోతే మరణాన్ని ధ్రువీకరించే వైద్యుడెవరో ముందే నిర్ణయించాలని కోరుతున్నాం. ఆశ్రమం గోడ మీద 108 పక్కనే ఆ నర్సు ఫోన్ నంబరు కూడా రాసి ఉండాలి.